ఒడ్డున నిలబడే రోజు

ముందు ఆ చప్పుడు వచ్చేది. మెట్ల కింద సిమెంటు గచ్చు మీద అల్యూమినియం తట్ట దించిన చప్పుడు. టణ్ మని ఒక్కసారి మోగి, గోడలకు తగిలి, సన్నబడి, వీధిలోని ఆటోల రొదలో కలిసిపోయేది. తర్వాత ఊపిరి తీసుకునేంత సేపు ఏమీ వినిపించేది కాదు. ఆ తర్వాత కాళ్ళ కడియాలు. మెట్టుకొక మోత. మొత్తం పదిహేడు మెట్లు. పన్నెండో మెట్టు దగ్గర ఎండు నెత్తళ్ళ చేపల వాసన ఆమె కంటే ముందు గదిలోకి అడుగుపెట్టేది. నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "జులై వచ్చేసిందమ్మా మెర్సీ" అనేవాడు.

అప్పుడు గుమ్మంలో అసిరమ్మ కనిపించేది. ఎండకి నల్లబడిన ముఖం, మోకాళ్ళ దాకా ఎత్తి కట్టిన చీర, చెంగున ముడేసిన రైలు టికెట్టు.

అరసవల్లి వెళ్ళే దారిలో, ఒక మందుల షాపు పైన మా షేర్ల ఆఫీసు. రెండు బల్లలు, ఒక కంప్యూటరు, గోడకి చర్చివాళ్ళు పంచిన వాక్యాల క్యాలెండరు. ఆదివారం సూర్యదేవుడి గుడికి పోయే జనంతో రోడ్డు కిక్కిరిసిపోతుంది. మాకు ఆరోజు మా గుడి ఉంటుంది కనుక ఆఫీసు తెరవం. మా నాన్న ఏసుదానం సహకార సంఘంలో గుమస్తా పని మానేసి ఈ గది అద్దెకు తీసుకున్నప్పుడు, బాప్టిస్టు సంఘపు పెద్దలు కొందరు మొహం చిట్లించారట. "ఏటండీ ఏసుదానం గారూ, జూదం కొట్టు పెట్టారంట" అన్నారట. "జూదం కాదండీ, ఏడాదికోసారి కోత పండుగ" అన్నాడట నాన్న.

ఆయన నమ్మకం ఒకటే. ఈరోజు కొని రేపు అమ్మేవాళ్ళు ఆయన దగ్గరికి వస్తే టీ ఇచ్చి పంపేసేవాడు. పాత కంపెనీలు, ప్రతి ఏడూ లాభంలో కొంత తీసి వాటాదారులకు పంచే కంపెనీలు, అవే ఆయన చెప్పేవి. అలా పంచే డబ్బుని డివిడెండు అంటారు. అసిరమ్మ ఇరవయ్యేళ్ళలో ఆ మాట ఒక్కసారీ పలకలేదు. ఆమెకది పాలు. పాలు అంటే వాటా. సముద్రం దగ్గరివాళ్ళ మాట అది.

ఆమె ఊరు నౌపడ దాటి, ఉప్పుమడుల అవతల, ఇసకలో సగం కూరుకున్నట్టుండే పల్లె. అక్కడ ఒకప్పుడు పెద్దవల ఉండేది. ఒక్క ఇంటివాళ్ళ వల్ల అయ్యే వల కాదు. ఇరవై ఇళ్ళు ఇరవై ముక్కలు అల్లుకుని, అంచుకి అంచు కుట్టి ఒకే వలగా చేసేవారు. పడవలో వేసుకుని వెళ్ళి, నీళ్ళలో నెలవంకలా పరిచి వచ్చేవారు. ఒడ్డు మీద రెండు జట్లు నిలబడి రెండు తాళ్ళూ లాగేవి. వల ఒడ్డుకి చేరాక తడి ఇసక మీద కుప్పలు పెట్టేవారు. పడవకొక కుప్ప, లాగిన మనిషికొక కుప్ప, వల ముక్కకొక కుప్ప. సముద్రంలోకి వెళ్ళలేని ముసలివాడికైనా, వల ముక్క ఉంటే కుప్ప ఉంది. ఒక్కటే కట్టుబాటు. పంచేటప్పుడు ఇంటి నుంచి ఎవరో ఒకరు ఒడ్డున నిలబడాలి. నిలబడని ఇంటిని పేరు పెట్టి పిలవరు. ఆ ఇంటి కుప్ప మిగతావాటిలో కలిసిపోతుంది.

అసిరమ్మ భర్త ఎర్రన్న జ్వరం వచ్చి పోయాడు. అప్పటికి కొడుకు హరిబాబుకి ఏడేళ్ళు. తాడు లాగే మగమనిషి ఇంట్లో లేడు. లాగినవాడి కుప్ప పోయింది, వల ముక్క కుప్ప మిగిలింది. ఊరి పెద్ద ఎల్లాజీ, "ముక్క కుట్టుకుంటూ, పంచీటప్పుడు నిలబడితే నీ పాలు నీదే" అన్నాడు. ఆమె ఆరేళ్ళు కుట్టింది. ఆరేళ్ళు నిలబడింది. వానలో, వడగాలిలో, ఒకసారి పురుడైన ఆడపడుచుని మంచం మీద ఒదిలేసి పరుగెత్తుకొచ్చి మరీ నిలబడిందట. ఎప్పుడైనా ఆ సంగతి చెప్పేటప్పుడు ఆమె కాలివేళ్ళు మా గచ్చు మీద చిన్నగా ముడుచుకునేవి, కింద అల వెనక్కి పోతూ ఇసక లాక్కుపోతున్నట్టు.

తర్వాత మరబోట్లు వచ్చాయి. చేప ఒడ్డుకి రావడం మానింది. ఒకరోజు పెద్దవలని ఇసక మీద పరిచి, అతుకులు విప్పి, ఎవరి ముక్క వాళ్ళకిచ్చేశారు. తన ముక్కని ఆమె భుజాన వేసుకుని ఇంటికి నడిచిందట. ఇరవై ముక్కలు కలిసి ఉన్నప్పుడు తెలియని బరువు ఆ ఒక్క ముక్కలో ఉందని ఆమె చెప్పింది.

మా ఆఫీసుకి ఆమె మొదటిసారి వచ్చింది ఎండుచేపలు అమ్మడానికే. నేనప్పుడు డిగ్రీ ఆఖరు సంవత్సరం. మధ్యాహ్నం నాన్నకి క్యారేజీ తెచ్చి అక్కడే కూర్చున్నాను.

"సేపలొద్దులే అప్పా, నిన్ననే కొన్నాం" అన్నాడు నాన్న. మావైపు అక్కని అప్ప అంటారు.

"కొనకపోతే పోనీ గానీ బాబూ, మీరేటి అమ్ముతన్నారిక్కడ? సరుకేటీ కనబడ్నేదు."

"కంపెనీల్లో వాటాలు."

"అంటే ఏటి?"

"ఒక సబ్బుల కంపెనీ ఉందనుకో. అందులో ఒక చిన్న ముక్క నువ్వు కొనుక్కుంటావు. ఏడాదికోసారి లాభం పంచినప్పుడు నీ ముక్కకి రావలసింది నీకొస్తాది."

ఆమె గుమ్మంలోనే చతికిలబడింది. "వల ముక్క నాగ" అంది మెల్లగా, ఎక్కడో పోగొట్టుకున్న వస్తువు వేరే వాళ్ళింట్లో కనిపించినట్టు.

ఆ తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

"మరి తాడు లాగీవోళ్ళెవులు?"

"కంపెనీలో పనిచేసేవాళ్ళు."

"సిరిగితే కుట్టీవోళ్ళు?"

"వాళ్ళే."

"కుప్పలు పెట్టీవోళ్ళు దొంగ కుప్పలు పెట్టరు గదా?"

"లెక్క అందరికీ చూపించాలి అప్పా. ఏ ఏడు పంచారో, ఏ ఏడు మానేశారో పాత లెక్కలు చూసుకునే మనం కొనాలి. ఒక్కోసారి తక్కువొస్తాది. ఒక్కో ఏడు రాకపోనూ వచ్చు. రాదని చెప్పి పారిపోకూడదు."

"సముద్దరం సంగతి నాకు సెప్తన్నావా బాబూ? సరే, తుపానొస్తే?"

"తుపానొచ్చినా జనం స్నానం మానరు కదా."

"ఏటో, నానైతే మానెస్తాను" అంది. నాన్న పగలబడి నవ్వాడు. ఆ నవ్వు అయ్యాక ఆమె ఆఖరి ప్రశ్న అడిగింది.

"పంచీ రోజున నాను ఎక్కడికొచ్చి నిలబడాలి?"

నిలబడక్కర్లేదన్నాడు నాన్న. కంపెనీ ఒక తేదీ ప్రకటిస్తుంది, ఆ తేదీన వాళ్ళ పుస్తకంలో పేరుంటే చాలు, డబ్బు తర్వాత బ్యాంకులో పడుతుంది అన్నాడు. ఆమె ఒప్పుకోలేదు.

"పేరుంటే సాలా? ఇదేటి ఇడ్డూరం! మనిషి నేకండా పాలెవులిస్తారు బాబూ? నానొస్తాను. ఇక్కడే కూకుంటాను. ఆ తేదీ ఏటో బేగి సెప్పు."

మరుసటి వారం ఆమె పద్దెనిమిది వేలు తెచ్చింది. వల ముక్కకున్న తాళ్ళూ సీసపు గుళ్ళూ అమ్మిన డబ్బు కొంత, ఎండుచేపల మీద కూడబెట్టింది మిగతాది. ఆ సబ్బుల కంపెనీవే నూట ఇరవై షేర్లు వచ్చాయి. ఆ ఏడు ఆమెకు అందిన పాలు ఆరువందల రూపాయలు. దానికి కాస్త కలిపి మళ్ళీ నాలుగు ముక్కలు కొనిపించింది. అలా ఏటా.

జులైలో ఆ తేదీన నౌపడలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, బస్సులో ఊళ్ళోకి వచ్చి, చేపలమ్ముకుని, పదకొండింటికల్లా మెట్లెక్కేది. నాన్న కిటికీ దగ్గర కుర్చీ వేసేవాడు. ఆమె అందులో సాయంత్రం దాకా కూర్చునేది. రోడ్డు మీద ఆటోలు వచ్చి వెనక్కి పోతుంటే చూస్తూ ఉండేది. ఎండ కిటికీ చువ్వల్లోంచి పడి ఆమె ఒళ్ళో గళ్ళు గళ్ళుగా పరుచుకునేది. నాలుగు గంటలకి లేచి, "పంచీసినారా?" అని అడిగేది.

"పంచేశారప్పా."

"నా కుప్ప?"

"నీ కుప్ప నీకుంది."

అంతే. ఓ గుప్పెడు ఎండురొయ్యలు కాగితంలో కట్టి నా బల్ల మీద పెట్టి దిగిపోయేది. డబ్బు బ్యాంకులో పడేది ఆ తర్వాత నెలకి. దాని గురించి ఆమెకు ఆదుర్దా ఉండేది కాదు.

ఒకసారి కంపెనీ ఒక షేరుకి ఇంకొక షేరు ఊరికే ఇచ్చింది. నాన్న చెబితే నోటి మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మా! వల పిల్లని పెట్టినాదా?" అంది. షేర్ల ధరలన్నీ కుప్పకూలిన ఆ ఏడు మా ఆఫీసులో పెద్ద ఉద్యోగస్తులు తలలు పట్టుకుని కూర్చుంటే, ఆమె వాళ్ళ మధ్య తట్టతో నిలబడి నాన్నని అడిగింది.

"ఏటి, వల సిరిగిపోనాదా?"

"వల బాగానే ఉంది అప్పా. కంపెనీ ఎప్పటిలాగే అమ్ముతోంది. ముక్క ధర పడిపోయింది."

"నాను ముక్కని అమ్మడానికొచ్చినానేటి? కుప్పలో సేప ఉన్నాదా, నేదా?"

"ఉంది."

"మరి ఈళ్ళంతా ఎందుకేడుస్తన్నారు?" అంది. ఒక తహసీల్దారుగారు ఏడుపు ఆపి ఆమె దగ్గర పావుకిలో నెత్తళ్ళు కొన్నారు.

కరోనా వచ్చిన ఏడు రైళ్ళు లేవు. ఆ తేదీన ఆమె రాలేకపోయింది. సరిగ్గా ఆ ఏడే కంపెనీ సగమే పంచింది. హరిబాబు ఫోనులోంచి ఆమె మాట్లాడింది. గొంతు దూరంగా, గాలి కొట్టుకుపోతున్నట్టు వినిపించింది.

"సూసినావా బాబూ, నిలబడ్నేదు గదా, సగం కోసీసినారు."

నాన్న నవ్వబోయి ఆగాడు. "అందరికీ సగమే అప్పా. నిలబడ్డవాళ్ళకీ సగమే" అన్నాడు.

అవతల ఒక్క సముద్రం మాత్రం వినిపించింది.

మరుసటి ఏడు వేసవిలో నాన్న పోయాడు. ఆ జులైలో ఆఫీసు తెరవాలో వద్దో తెలియక తాళంచెవి పట్టుకుని కూర్చున్నాను. ఆ తేదీ ఏదో కూడా నాకు గుర్తులేదు. మెట్ల కింద టణ్ మంది. పదిహేడు మోతల తర్వాత ఆమె వచ్చి, నాన్న కుర్చీ వైపు చూడకుండా, కిటికీ దగ్గర గచ్చు మీద కూర్చుంది. నేను కుర్చీ వెయ్యడం మరిచిపోయాను. తేదీ హరిబాబు ఫోనులో చూసి చెప్పాడంది. నాలుగింటికి లేచి నా వైపు తిరిగింది.

"ఒలే మెర్సీ, పంచీసినారా?"

"పంచేశారత్తా" అన్నాను. ఆరోజు నుంచి ఆ ఆఫీసు నాదైంది.

ఈ ఏడు ఆ తేదీ శుక్రవారం పడింది. ఆమె మంగళవారమే వచ్చింది. తట్ట చప్పుడు లేదు. కడియాల పక్కన చెప్పుల చప్పుడు కూడా ఉంది. పదిహేడు మెట్లకి మూడుసార్లు ఆగారు. హరిబాబు ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. అతను భోగాపురంలో విమానాశ్రయం పనుల దగ్గర టిప్పరు నడుపుతున్నాడు. బట్టల మడతల్లో ఎర్రమట్టి ఇంకా ఉంది.

"అక్కా, మాయమ్మ ముక్కలన్నీ అమ్మీయాల" అన్నాడు కూర్చోకుండానే.

అప్పటికి ఆరువందల నలభై షేర్లు. ఆరోజు ధరకి దాదాపు పన్నెండు లక్షల ఎనభై వేలు. భోగాపురం అవతల నూరు గజాల స్థలం చూశాడట. పన్నెండు లక్షలు. యాభై వేలు బయానా ఇచ్చేశాడు. గురువారం రిజిస్ట్రేషను. మిగతాది ఆరోజు కట్టకపోతే స్థలం ఇంకొకరికి పోతుంది, బయానా కూడా పోతుంది.

"రోజూ ఆ మన్ను నానే మోస్తన్నానక్కా. నా కళ్ళ ముందే నెలకో ధర. ఇమానాలెగిరితే మనకి అందుద్దా? ఏడాదికి ఈ పందొమ్మిదేలతో ఏటవుద్ది?"

అతను చెప్పేది తప్పని అనలేకపోయాను. షేర్లు ఈరోజు అమ్మితే రేపటికి డబ్బు చేతిలో ఉంటుంది. కానీ శుక్రవారం పుస్తకంలో ఆమె పేరు ఉండదు. ఈ ఏడు పాలు రాదు. ఇక ఏ ఏడూ రాదు. ఇరవయ్యేళ్ళలో ఎవరి చేతి సాయమూ లేకుండా ఆమెకు దక్కిన కుప్ప అదొక్కటే. నేను ఆమె వైపు చూశాను. ఆమె గచ్చు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకుంటోంది.

"అత్తా, షేర్లు నీ పేరున ఉన్నాయి. నువ్వు చెప్తేనే అమ్ముతాను."

"ఉండొలే" అని ఆమె కొడుకు వైపు తిరిగింది. "ఒరే, మీ తాతా మీ పెదతాతా ఏరుపడినప్పుడు వల ముక్కని ఎలగ కోసినారో ఎరుగుదువా?"

"ఇప్పుడా ఊసెందుకమ్మా?"

"పైతాడూ కిందితాడూ రెండేపులా ఉండీలాగ, నిలువునా కోసినారు. ఏ ముక్కకా ముక్క సేపని పట్టాల. నాను అలగే కోస్తాను. సగం నీది. సగం నాది."

"సగంతో సగం స్తలం కొంటానేటి? నవ్వుతారమ్మా!"

"నీతో టిప్పరు తోలీ లచ్చుముడు కూడా స్తలం స్తలం అని ఏడుస్తన్నాడన్నావు గదా. ఇద్దరూ కల్సి లాగండి."

హరిబాబు పళ్ళు నూరుకుంటూ వరండాలోకి వెళ్ళాడు. లక్ష్ముడితో ఫోనులో చాలాసేపు అరిచాడు, తగ్గాడు, ఒకచోట నవ్వాడు కూడా. తిరిగి వచ్చి, "ఒప్పుకున్నాడు. పెళ్ళాం బంగారం పెడతాడట" అన్నాడు. తర్వాత నా బల్ల మీదికి వంగి, "అక్కా, నా సగానికి ఈ ఏటి డబ్బులైనా వస్తాయా?" అని అడిగాడు.

"శుక్రవారం దాకా ఆగితే వస్తాయి. తొమ్మిది వేల ఆరువందలు."

"గురువారం రిజిస్ట్రేషను గదా!"

"ఒడ్డున నిలబడనోడికి పాలెక్కడిదిరా" అంది అసిరమ్మ, తల ఎత్తకుండా. అతనికి కోపం రావలసింది. కానీ నవ్వొచ్చింది. నాకూ వచ్చింది. మూడువందల ఇరవై షేర్లు అమ్మాను. అమ్మకానికి ఆమె ఫోనుకి వచ్చిన ఓటీపీ అంకెలు హరిబాబు ఒక్కొక్కటిగా చదివి వినిపించాడు. ఆ అంకెలు చదువుతున్నంతసేపు ఆమె కళ్ళు మూసుకుని ఉంది.

"మిగతా సగానికి నా తరవాత ఎవులని రాసినావు?" అని అడిగింది.

"ఎప్పుడో నాన్న రాశాడత్తా, హరిబాబు పేరు."

"తియ్యి. ధనలక్ష్మి పేరు రాయి." ధనలక్ష్మి ఆమె కోడలు. "వీడికి తాడు లాగీ సేతులున్నాయి. అది కుప్ప దగ్గర నిలబడాల."

హరిబాబు ఆమెకి పెన్ను అందించాడు. ఆమె సంతకం నేను పట్టుకున్న కాగితం మీద మెల్లగా సాగింది. నాన్న నేర్పిన సంతకం. 'అ' దగ్గర ఎప్పుడూ ఆగి, గాలి పీల్చుకుని, మిగతా పేరంతా ఒక్క ఊపున రాస్తుంది.

శుక్రవారం ఆమె ఒక్కతే వచ్చింది. మెట్ల కింద టణ్ మని వినగానే నేను కిందికి పరుగెత్తాను. మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. పైకి తీసుకెళ్ళడానికి పావుగంట పట్టింది. కుర్చీ కిటికీ దగ్గర ముందే వేసి ఉంచాను. ఆమె రోజంతా అందులో కూర్చుంది. ఆటోలు వచ్చాయి, పోయాయి. ఎండ చువ్వల్లోంచి వచ్చి ఒళ్ళో గళ్ళు అల్లి, విప్పి, గోడ మీదికి జరిగింది. నాలుగింటికి అడిగింది. నేను జవాబు చెప్పాను. కుప్ప సగమే, కానీ ఉంది.

దింపేటప్పుడు ఆమె బరువంతా నా భుజం మీద ఉంది. ఉండబట్టలేక, బతికున్నన్నాళ్ళూ నాన్న రెట్టించని మాట నేను అనేశాను.

"అత్తా, ఇంత కష్టపడి రానక్కర్లేదు. నిజంగానే పేరుంటే చాలు."

ఆమె మెట్టు మీద ఆగింది. "నాకు తెల్దనుకున్నావా? ఆ రోగమొచ్చిన ఏడు మీ నాన్న సెప్పినాడు గదా, నిలబడ్డోళ్ళకీ సగమే అని. ఆ నాడే తెల్సిపోనాది."

"మరి ఎందుకొస్తున్నావు?"

"పేరు నిలబడతాది, సరే. నానెక్కడ నిలబడాల?"

ఆమె చేతిని నా భుజం మీదికి ఇంకాస్త లాక్కున్నాను. మిగిలిన మెట్లు ఇద్దరం కలిసి దిగాం. కింద ఖాళీ తట్ట ఉంది. లోపల రెండు మూడు చేపపొలుసులు వెండి పొట్టులా మెరుస్తున్నాయి. ఆటోలో ఎక్కించి, తట్ట ఆమె ఒళ్ళో పెట్టాను. ఆటో కదలబోతుంటే ఆమె చెయ్యి బయటికి చాచి నా మణికట్టు పట్టుకుంది. ఉప్పు కొట్టి గరుకుబారిన అరచెయ్యి.

"పైయేడు ఈ మెట్లు నాను ఎక్కనేను గానీ, ఒలే మెర్సీ, ఆ రోజున కుర్చీ మాత్రం కిటికీ కాడ ఎయ్యి. ఎవులైనా అడిగితే, అసిరమ్మ పాలు ఉన్నాదని సెప్పు."